వంటమనిషి తలుపు తీసింది

ఆ చలికాలం మా ఇంట్లో జల్లెడ గొడవతో మొదలైంది.

"పిండి జల్లెడ ఎవరు తీశారు?" అని వంటింట్లోంచి మూడుసార్లు అరిచాను. ముందుగదిలోంచి ఉలుకూ పలుకూ లేదు. సోపైపియాలు, అంటే మా గుమ్మడి పూరీలు, వేయించడానికి గుమ్మడికాయ ఉడికించి చిదిమి పెట్టుకున్నాను, ఇక పిండి కలపడమే తరువాయి. చేతులు తుడుచుకుంటూ వెళ్లి చూద్దును కదా, నా భర్త అన్సెల్మో భోజనాల బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద సుద్దముక్కతో పెద్ద భవంతి పటం గీసి, నా జల్లెడతో దాని చుట్టూ పిండి జల్లుతున్నాడు.

"ఏంటది?"

"పొగమంచు."

"అది పిండి."

"ఇప్పటికి పొగమంచు. తలుపు వెయ్యి మెలీ, గాలికి చెదిరిపోతుంది."

"ఉప్పు జల్లుకోకూడదూ? ఉప్పయితే ఎత్తి మళ్లీ డబ్బాలో పోసుకోవచ్చు."

"ఉప్పు మెరుస్తుంది. పొగమంచు ఎక్కడైనా మెరుస్తుందా?"

మా అమ్మాయి నోయెలియా కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని నవ్వుతోంది. "నాన్నకో జల్లెడ కొనిచ్చెయ్యరాదూ అమ్మా, గొడవ వదుల్తుంది."

"కొనిస్తే దాంతో వాన కూడా కురిపిస్తాడు. బయట పడేది చాలదని."

నా జల్లెడ నాకు ఇవ్వలేదు. ఆ పూట సోపైపియాలు ఉండలు ఉండలుగా వచ్చాయి. అయినా అందరూ తిన్నారు.

మా ఇంట్లో ప్రతి చలికాలం ఒక కథ నడుస్తుంది. అన్సెల్మో నడుపుతాడు, మిగిలినవాళ్లు ఒక్కొక్కరూ అందులో ఒక మనిషి అవుతారు. తామేం చేస్తారో వాళ్లు చెప్తారు, దానివల్ల ఏం జరిగిందో అతను చెప్తాడు, ఎటూ తేలనిచోట పాచికలు తేలుస్తాయి. మామూలుగా కోటలు, నిధులు, గుహల్లో రాక్షసులు. ఆ ఏడు మాత్రం భయం కథ నడుపుతానన్నాడు. చాలా ఏళ్లుగా దాని గురించి ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు.

భయం కథ నడపడం తక్కినవాటిలా కాదు. సరస్సు మధ్య ఒక ఇల్లు, అందులో పద్నాలుగుమంది. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో, ఎవరు ఎవరితో ఏ అబద్ధం ఆడారో, ఏ తలుపుకి ఏ తాళమో, ఈ గదిలో దీపం వెలిగిస్తే మూడు గదుల అవతల ఎవరు గమనిస్తారో, అన్నీ నడిపేవాడి తలలో ఉండాలి. ఒక్కటి పొరపడినా భయం పోయి నవ్వొస్తుంది. అలాంటిదాన్ని అన్సెల్మో కాగితం ముక్క పట్టుకోకుండా నడుపుతాడు. మా నీబ్లాకీ, అవతలి ఒడ్డున ఉన్న కొర్రాల్‌కీ మధ్య ఇరవై ఏళ్లకు పైగా ప్రయాణికుల పడవ నడుపుతున్న మనిషి. నది సముద్రంలో కలిసేచోట ఏ ఇసుకమేట ఏ నెలలో ఎటు జరుగుతుందో తలలోనే పెట్టుకుంటాడు. ఆట కోసం కాగితం చూడటం అతనికి నామోషీ.

కథ మొదలుపెట్టే ముందు రహస్యంతో సహా నాకు చెప్తాడు, ఎక్కడైనా అతుకు కనిపిస్తే పట్టుకోమని. రహస్యం తెలిసినవాళ్లు ఆడకూడదన్నది అతని నియమం. అందుకని నేను ఎన్నడూ ఆడలేదు. పొయ్యి పక్కన అల్లిక పట్టుకుని కూర్చుని వింటాను.

ఆ కథ కూడా ఇద్దరం బంగాళదుంపలు చెక్కు తీస్తుండగా విన్నాను. మంచు వచ్చినప్పుడల్లా గోపురంలో గంట మోగుతుంది, తెల్లారేసరికి ఇంట్లో ఒకరు ఉండరు. గంటే మంచును పిలుస్తోందని అందరూ దాన్ని ఆపాలని చూస్తారు. నిజానికి గంట కొట్టేది ఒక పిల్ల, మంచు వస్తోంది తలుపులు వేసుకోండని.

"ఇంకోటి," అన్నాడు కత్తి నాకేసి చూపిస్తూ. "ఈ ఇంట్లో చచ్చినవాళ్లు లేవరు. శవాన్ని లేపి భయపెట్టడం చేతకానివాళ్ల పని. పోయినవాళ్లు పోయినట్టే. భయమంతా అందులోనే ఉంది."

బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

జూన్‌లో మొదలుపెట్టారు; భూమికి దక్షిణపు కొసన ఉన్న మాకు చలికాలం అప్పుడే. చలికాలంలో ఆదివారాలు మధ్యాహ్నం నుంచి పడవ తిరగదు, అదే ఆట సమయం. ఆడేది ముగ్గురు. నోయెలియా వైద్యురాలు. అన్సెల్మో తమ్ముడు గాస్పర్ కవచం తొడిగిన యోధుడు. అన్న పడవలో తాళ్లు కట్టడం, టికెట్లు ఇవ్వడం అతని పని. నిజానికి మా కోడిపుంజు ఎదురొస్తే గోడ పట్టుకుని నడిచే మనిషి. పక్కింటి దోన్యా ఒందీనా తాళాలు తెరిచే దొంగ. మందుల దుకాణంలో పని మానేసి చాలా కాలమైనా ఇప్పటికీ వీధిలో ఒంట్లో బాగోకపోతే అందరూ ఆమెకే నాలుక చాపి చూపిస్తారు.

ఆ భవంతిలో బ్రిహిదా అని ఒక వంటమనిషి ఉంది. మిగతావాళ్లంతా అబద్ధాలాడుతుంటే, ఈమె మాత్రం వీళ్లు తడిసొచ్చినప్పుడల్లా సూప్ పోసేది. ముగ్గురికీ ఆమె అంటే ప్రాణం. ఒకరోజు మంచు వంటింటి దాకా వచ్చింది.

"నేను ఆవిడ చెయ్యి పట్టుకుంటా," అన్నాడు గాస్పర్. "వదిలేది లేదు."

"పాచిక వెయ్యి."

ఇరవై ముఖాల పాచిక బల్లంతా దొర్లి చక్కెర గిన్నెకు తగిలి ఆగింది. రెండు.

"ఇంకోసారి వేస్తా అన్నా. చెయ్యి తడిగా ఉంది."

"ఆవిడ చెయ్యీ తడిగానే ఉంది," అన్నాడు అన్సెల్మో మెల్లగా. "పిండి కలుపుతూ లేచొచ్చింది. నీ వేళ్లలోంచి జారిపోయింది."

కథలో మర్నాడు ఆమెను బావిలోంచి తీసి, పెరట్లో పియర్ చెట్టు కింద పాతిపెట్టారు. అంతా మాటల్లోనే, బల్ల చుట్టూ కూర్చునే. అయినా గాస్పర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దోన్యా ఒందీనా కళ్లు తుడుచుకుంది.

"ఏడుస్తున్నారా?" అంది నోయెలియా.

"ఏడుపేంటి? మీ అమ్మ పచ్చి కట్టెలు పెట్టింది పొయ్యిలో."

నా కట్టెలు రెండేళ్లు ఎండినవి. 

తర్వాతి ఆదివారం ఆటలో ముగ్గురూ సరస్సులో పడవ తిరగబడి, ఈదుకుంటూ వచ్చి, భవంతి వెనక తలుపు తట్టారు. బయట మా వీధిలోనూ వాన దంచుతోంది.

"లోపల అడుగుల చప్పుడు," అన్నాడు అన్సెల్మో. "గడియ తీసిన చప్పుడు. బ్రిహిదా తలుపు తీసింది. 'అయ్యో, ఎలా తడిసిపోయారర్రా! రండి, సూప్ వేడిగా ఉంది,' అంది."

గాస్పర్ కుర్చీ వెనక్కి జరిగింది. దోన్యా ఒందీనా శిలువ గుర్తు వేసుకుంది. నోయెలియా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "నాన్నా..." అంది.

అన్సెల్మో ఒక్కొక్కరి మొహమూ చూశాడు. కాస్త ఆగి నవ్వాడు. "ఊఁ. ఏం చేస్తారు మరి? లోపలికి వెళ్తారా, లేదా?"

"చచ్చినా వెళ్లను!" అని గాస్పర్ అరిచాడు. నోయెలియా కిలకిలా నవ్వింది, భయంతో. ఆ సాయంత్రమంతా అదే మాట. ఇంత బాగా ఎప్పుడూ నడపలేదని, బావి దగ్గరే ఇది ముందే అనుకుని ఉంటాడని, సూప్ అనే మాట వింటేనే ఒళ్లు జలదరించిందని.

వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతూ అడిగాను. "చచ్చినవాళ్లు లేవరన్నావుగా? మనసు మార్చుకున్నావా?"

అతను పళ్లెం తుడుస్తున్నాడు. "లేవరు. ఎవరు లేచారు?"

నేను అతని వైపు చూశాను. పరాచికం కాదు. పళ్లెం తిప్పి వెనకవైపు కూడా తుడిచి, తీసుకెళ్లి గ్లాసుల అరలో పెట్టాడు.

"ఏం లేదులే," అన్నాను.

అలసట అనుకున్నాను. ఆ వారంలో అతను తలుపు దగ్గర బూట్లు వేసుకుని, ఎక్కడికి బయల్దేరాడో గుర్తురానట్టు కాసేపు నిలబడటం చూశాను. అదీ అలసటే అనుకుందామని చూశాను. తర్వాతి ఆదివారం గాస్పర్ రొట్టె తింటూ నవ్వుతాలుగా అన్నాడు: "మొన్న మా అన్న కొర్రాల్ రేవు దాటించి మాన్సెరా దీవి దాకా తీసుకుపోయాడు వదినా. బడిపిల్లలు ఒకటే కేరింతలు, విహారయాత్ర అనుకుని."

"మంచులో ఎదురుగా ఏముందో కనపళ్లేదు," అన్నాడు అన్సెల్మో.

గాస్పర్ నవ్వు ఆపేసి రొట్టె మీద వెన్న రాయడంలో మునిగిపోయాడు. ఆ రోజు మంచు లేదని నాకు తెలుసు. ఆ వేళప్పుడు నేను బట్టలు ఆరేశాను.

బుధవారం నేనే పడవెక్కాను, కొర్రాల్‌లో పొగబెట్టిన చేప కొనాలని చెప్పి. వెళ్లేటప్పుడు చూడముచ్చటగా నడిపాడు. అల వచ్చే ముందే పడవ ముక్కు తిప్పడం, రేవుకి పక్కగా మెత్తగా ఆనించడం, అతని చేతులకి అన్నీ తెలుసు. తిరుగు ప్రయాణంలో నీటి నడిమధ్యకి వచ్చాక ఇంజను తగ్గించాడు. చుక్కాని మీద చేతులు అలాగే ఉన్నాయి. కుడివైపు కొండల్ని చూశాడు, ఎడమవైపు కొండల్ని చూశాడు. పడవ అలల మీద ఊగుతోంది. ఏదో పెద్ద ఓడకి దారి ఇస్తున్నాడనుకుని ప్రయాణికులు కబుర్లలో ఉన్నారు. ఒక ఆవిడ ఒళ్లో పసివాడు నిద్రపోతున్నాడు.

గాస్పర్ తాడు చుడుతున్నట్టే దగ్గరికి జరిగి, అటు చూడకుండా అన్నాడు: "నీబ్లా ఎదురుగానే అన్నా. ఎర్ర కప్పు కనిపిస్తోంది చూడు."

"తెలుసు," అన్నాడు అన్సెల్మో. ఇంజను పెంచాడు.

గాస్పర్ తలెత్తేసరికి నా కళ్లు అతని మీదే ఉన్నాయి. రేవులో చెయ్యి అందించి నన్ను దించుతూ, "నే పక్కనే ఉంటున్నా వదినా," అన్నాడు.

"ఎన్నాళ్లనించి?"

"ఎండాకాలం చివర్నించి."

"మరి నాకు చెప్పవే?"

"మా అన్నకి పడవ నడపడం రావట్లేదని నేను చెప్పడమా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాన మొహం మీద పడుతుండగానే.

చేప కొనడం మర్చిపోయి వచ్చానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఆ సాయంత్రం రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి అతను పాట పాడుతూ గొడ్డలికి పదును పెడుతున్నాడు, రెండోసారి నోయెలియా ఇంట్లోకి వచ్చింది. పై ఆదివారం మాట్లాడదాం అనుకున్నాను, ఆట అయ్యాక.

ఆ ఆదివారం ఆటలో బ్రిహిదా మళ్లీ వచ్చింది. మెట్ల దగ్గర దీపం పట్టుకుని నిలబడి, పడకలు వేశానని చెప్పింది. గాస్పర్ మేజోళ్లలో కాళ్లు కుర్చీ మీదకి లాక్కున్నాడు. ఈసారి అతను నవ్వడం లేదని గమనించాను. కానీ నోయెలియా వారమంతా ఇదే ఆలోచించి వచ్చింది. వెన్ను నిటారు చేసి, తన వైద్యురాలి గొంతుతో అంది:

"నేను పారిపోను. దగ్గరికి వెళ్తాను. ఆమె చెయ్యి పట్టుకుని అడుగుతాను. బ్రిహిదా, నువ్వు చచ్చిపోయావు. బావిలోంచి నిన్ను మేమే తీశాం. పియర్ చెట్టు కింద నిన్ను నా చేతుల్తో పాతిపెట్టాను. మరి ఎలా వచ్చావు?"

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కిందికి జారింది. అన్సెల్మో నోయెలియాను చూశాడు, పటంలో సుద్దతో గీసిన పెరటిని చూశాడు, అందులో బ్రిహిదా సమాధికి గుర్తుగా గాస్పర్ పెట్టిన అగ్గిపుల్ల శిలువను చూశాడు. దాన్ని వేలితో ముట్టుకున్నాడు. తర్వాత తలెత్తి బల్లకి ఇవతల, పొయ్యి పక్కన ఉన్న నన్ను చూశాడు. నేను కళ్లు దించుకోలేకపోయాను.

వంటమనిషి గొంతుతో, మామూలుగా అన్నాడు: "అలాగా తల్లీ? నేను పోయానని నాకెవరూ చెప్పలేదే."

దోన్యా ఒందీనా "దేవుడా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. నోయెలియాకి కళ్లనిండా నీళ్లొచ్చాయి, ఆనందంతో. "నాన్నా, ఇది... ఇంతకంటే గొప్పగా ఎవరూ నడపలేరు," అంది.

"ఇవాళ్టికి చాలు," అన్నాడు అన్సెల్మో.

వాళ్లు కోట్లు తొడుక్కుంటూ మెట్లు దిగే దాకా అదే మాట్లాడుకున్నారు. నేను రొట్టె ముక్కలు డబ్బాలో సర్దుతుంటే అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మెలీ, ఆవిడ ఎప్పుడు పోయింది?"

"జూన్‌లో."

"ఎలా?"

"మంచులో. గాస్పర్ చేతిలోంచి జారిపోయింది."

"నేనే చెప్పానా అదంతా?"

"నువ్వే. ఆవిడ చేతులకి పిండి ఉందని కూడా చెప్పావు. ఒందీనా ఏడ్చింది."

తల ఊపాడు. "పాపం," అన్నాడు, ఆవిడ గురించే అన్నట్టు. "పడవలో కూడానా?" అని అడిగాడు.

"బుధవారం చూశాను."

"గాస్పర్‌కి తెలుసా?"

"తెలుసు."

అతను నా చేతిలోంచి డబ్బా తీసుకుని మూత పెట్టి, ఎక్కడ పెట్టాలి అని కళ్లతోనే అడిగాడు. చూపించాను. పెట్టాడు.

ఆ వారం వాల్దీవియా ఆసుపత్రికి వెళ్లొచ్చాం. డాక్టరమ్మ వయసులో చిన్నది, చాలా మర్యాదగా మాట్లాడింది. తనకు తెలియనివి తెలియవనే చెప్పింది. ఈ మరుపు ముందు ముందు ఎలా ముదురుతుందన్నది మాత్రం తెలుసు, అదీ చెప్పింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. దారిపొడుగునా ఊళ్ల పేర్లు నోట్లోనే అనుకుంటూ వచ్చాడు, ఒక్కటి కూడా తప్పకుండా.

ఆ ఆదివారం బల్ల మీద నల్లగుడ్డ లేదు. ముందు సాయంత్రపు ఓన్సె ఫలహారం తిందాం, ఆట సంగతి తర్వాత అన్నాడు. టీ, వేడి రొట్టె, చిదిమిన అవకాడో, జున్ను పెట్టాను. ఆట మధ్యలోనో చివర్లోనో తినడమే అలవాటు కాబట్టి నోయెలియాకి ఓపిక లేదు.

"ఇదీ ఒక ఎత్తే," అంది బాబాయి చెవిలో. "మనల్ని కుదురుగా కూర్చోబెట్టి భయపెడతాడు చూడు."

అన్సెల్మో కప్పు కింద పెట్టాడు.

"రేపట్నించి పడవ గాస్పర్ నడుపుతాడు," అన్నాడు. "నేను తాళ్లు చూసుకుంటా."

గాస్పర్ తల ఎత్తలేదు. నోయెలియా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అదేంటి? భుజం నొప్పి మళ్లీ వచ్చిందా?"

"కాదమ్మా. ఆ వంటమనిషి పోయిందని నాకు గుర్తులేదు."

"ఆటలో సంగతి కాదు నాన్నా, నేనడిగేది..."

"నేనూ అదే చెప్తున్నా. తలుపు తీసింది చూడు, అది నేను అల్లింది కాదు. ఆవిడ బతికే ఉందనుకున్నా. మీ మొహాలు చూసి ఏదో తప్పు మాట్లాడానని తెలిసింది గానీ, ఏది తప్పో తెలీలేదు. మీరేమో చాలా బాగుందన్నారు. సరే బాగుందనుకున్నా. పొగుడుతుంటే కాదంటామా?"

దోన్యా ఒందీనా తన కప్పులో చక్కెర లేకుండానే చెంచా తిప్పుతోంది. ఆమెకు ముందే అనుమానం ఉందేమో, లేదేమో. నోయెలియా నన్ను చూసింది. నేను తల ఊపాను. దాని మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "నేను స్నేహితులందరికీ చెప్పాను," అంది చిన్నగా. "మా నాన్న భలే కథ అల్లాడని."

"చెప్తే చెప్పావులే. కథ బాగానే ఉందిగా."

అతను రొట్టె తుంచాడు, తినలేదు. "ఇంకో సంగతి. కథ మధ్యలో ఆపడం నాకిష్టం లేదు. ఇకమీదట నువ్వు నడుపు. ఇవాళ మొత్తం చెప్పేస్తా, నా దగ్గర ఉన్నంత మేరకి. ఎక్కడైనా ఖాళీలుంటే మీ అమ్మ నింపుతుంది."

నోయెలియా ఆ బల్ల దగ్గర తొమ్మిదేళ్ల వయసునించి ఆడుతోంది. ఆ గంట ఏమిటో కనుక్కోవాలని జూన్ నించీ దానికి నిద్ర లేదు.

"నాకు తెలిసిపోతే నేనింక ఆడలేను," అంది.

"ఆడలేవు."

"మరి నా వైద్యురాలు?"

"నాకియ్యి. నేనాడతా."

"నీకు రహస్యమంతా తెలుసు కదా! తెలిసినవాళ్లు ఆడకూడదని నువ్వేగా అన్నావు."

"వసంతం దాకా ఆగుదాం," అన్నాడు అన్సెల్మో. "అప్పటికి ఆ అడ్డు ఉండదులే."

గాస్పర్ నోట్లోంచి నవ్వో మరేదో బయటికొచ్చి, వెంటనే ఆగిపోయింది. అతను లేచాడు. తన కప్పు ఒక చేత్తో, రొట్టెల పళ్లెం ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే దోన్యా ఒందీనా కూడా కప్పు తీసుకుని లేచింది. ఆడేవాళ్లు వినకూడదు. ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి లోపల్నించి తలుపు వేసుకున్నారు.

నోయెలియా కుర్చీ ఎత్తి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, తండ్రికీ నాకూ మధ్యన వేసుకుంది.

"చెప్పు," అంది.